మరుభూమిలో మధుమాసం
కువైట్ అడవిపూలు: పరిశీలన, ఛాయాచిత్రణం

తెలుగువారి వంటింటికి చుక్కకూరను పరిచయం చేయనక్కరలేదు. పప్పులో వేసినా, పచ్చడి నూరినా దాని పులుపు దానిదే. వృక్షశాస్త్రంలో ఆ మొక్క పేరు రుమెక్స్ వెసికేరియస్. మంచి వానలు కురిసిన ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలలలో ఇదే మొక్క కువైట్ ఎడారిలో ఎవరూ విత్తకుండానే మొలచి, ఎర్రని బుడగల వంటి కాయలతో గాలికి ఊగుతూ కనిపిస్తుంది. అరబ్బులు దీనిని హుమ్మైద్ అంటారు. అరబ్బీలో పులుపును తెలిపే ధాతువు నుండే ఆ పేరు వచ్చింది. రెండు భాషలవారు ఒకే మొక్కను నాలుకతోనే గుర్తుపట్టారన్నమాట.

చుక్కకూర ఒక్కటే కాదు. మన పొలాల గట్ల మీది జిల్లేడు, కాలిలో గుచ్చుకునే పల్లేరు, ఇసుక మీద పాకే ఏటిపుచ్చ, మందుల దుకాణంలో దొరికే ఇసబ్గోలు గింజల మొక్క కూడా కువైట్ నేలలో సహజంగా పెరిగేవే. అయినా ఇక్కడ ఏళ్ల తరబడి నివసించే మన కుటుంబాలలో ఎంతోమంది ఈ దేశంలో ఇసుక, చమురు తప్ప మరేమీ లేవని భావిస్తారు. ఇక్కడే పుట్టి పెరుగుతున్న పిల్లలకు కూడా అదే అభిప్రాయం కలుగుతున్నది. ఆ అభిప్రాయం ఎంతవరకు నిజమో తెలుసుకోవడానికి మూడు సాధనాలు చాలు: ఒక వసంతకాలపు ఉదయం, ఒక కెమెరా, కొంత ఓపిక.

నేల, నీరు, ఎండ

కువైట్ వైశాల్యం 17,818 చదరపు కిలోమీటర్లు. సముద్రతీరం నుండి నైరుతి దిశగా నేల మెల్లగా ఎత్తు పెరిగి, దాదాపు 300 మీటర్లకు చేరుతుంది. కొండలని చెప్పదగినవి ఇక్కడ లేవు. కువైట్ అఖాతానికి ఉత్తరపు ఒడ్డున సుమారు 60 కిలోమీటర్ల పొడవున సాగే జాల్ అజ్జోర్ గట్టు మాత్రమే కంటికి కొండవలె కనిపిస్తుంది. దాని అత్యధిక ఎత్తు సుమారు 145 మీటర్లు. తూర్పు కనుమలను చూసిన కళ్లకు దీనిని కొండ అనడానికి మనసొప్పదు. కాని చదునైన ఎడారిలో ఆ కాస్త ఎత్తే మొక్కలకు పెద్ద వరం. గట్టు మీద పడిన వాన వాగులలోకి జారి, పల్లపు చోట్ల ఇంకుతుంది. ఆ చారలలోనే పచ్చదనం ముందుగా మొదలై, చివరివరకు నిలుస్తుంది.

ఏటా కురిసే వాన సగటున 110 మిల్లీమీటర్లకు అటు ఇటుగా ఉంటుంది. కరవుకు పేరుపడిన మన అనంతపురం ప్రాంతంలో కురిసే వానలో ఇది దాదాపు ఐదవ వంతు. అదైనా నియమం తప్పకుండా రాదు. ఒక ఏడు రెట్టింపు కురిస్తే, మరొక ఏడు పావువంతు కూడా కురవదు. వేసవిలో ఎండ సంగతి చెప్పనక్కరలేదు. కువైట్ వాయవ్య ప్రాంతంలోని మిత్రిబాలో 2016 జులై 21న నమోదైన 53.9 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతను ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ధ్రువీకరించింది.

ఇటువంటి చోట మొక్క బ్రతకడానికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది ఎండను ఓర్చుకోవడం. రెండవది ఎండ వచ్చేలోగా జీవితం ముగించుకొని, విత్తనంగా దాగిపోవడం. కువైట్ లో సహజంగా పెరిగే మొక్కల జాబితాను 1994లో ప్రకటించినప్పుడు అందులో 374 జాతులు లెక్కకు వచ్చాయి. వాటిలో 256 ఏకవార్షికాలు, అనగా ఒక్క ఋతువులోనే మొలచి, పూచి, కాచి, ఎండిపోయేవి. అంటే మూడింట రెండు వంతులు రెండవ మార్గాన్నే ఎంచుకున్నాయి. చెట్టు అనదగినది ఒక్క జాతి మాత్రమే. అది తుమ్మ కుటుంబానికి చెందిన తల్హా వృక్షం.

విత్తనం వేసే లెక్క

ఒక చిన్న జల్లు పడగానే విత్తనాలన్నీ మొలిస్తే ఏమగును? తరువాత వాన రాకపోతే మొలకలన్నీ మాడిపోయి, ఆ జాతి ఆ చోటనుండి తుడిచిపెట్టుకుపోతుంది. ఈ ప్రమాదం నుండి ఎడారి మొక్కలను కాపాడే ఏర్పాట్లు ప్రధానంగా రెండు.

మొదటిది, వానను కొలిచే శక్తి. అనేక ఎడారి మొక్కల గింజల పొట్టులో మొలకను అడ్డుకునే రసాయనాలు ఉంటాయి. అవి నీటిలో కరిగి కొట్టుకుపోవాలంటే తగినంత వాన కావాలి. చిన్న జల్లుకు అవి పూర్తిగా పోవు, గింజ మొలవదు. ఫ్రిట్స్ వెంట్ అనే శాస్త్రజ్ఞుడు 1940లలో అమెరికా ఎడారులలో చేసిన పరిశోధనలు ఈ విషయాన్ని లోకానికి తెలియజేశాయి. వానతో పాటు ఉష్ణోగ్రత కూడా సరిపోవాలి. అందుకే అక్టోబరు మధ్య నుండి డిసెంబరు మొదటి వారం వరకు కురిసే తొలి వానలకు అరబ్బులు అల్ వస్మ్ అని ప్రత్యేకమైన పేరు పెట్టుకున్నారు. ఆ వానలు పడితేనే వసంతంలో పూలు, మేత, ఎడారి పుట్టగొడుగులైన ఫగ్గా దండిగా లభిస్తాయని వారి అనుభవం.

రెండవది, అన్ని గింజలూ ఒకేసారి మొలవకపోవడం. దీనిలోని గణితాన్ని డాన్ కోహెన్ అనే శాస్త్రజ్ఞుడు 1966లో వివరించాడు. పిల్లలకు అర్థమయ్యేలా ఒక చిన్న లెక్క చూడవచ్చు. మంచి ఏడాదిలో మొలచిన ప్రతి గింజకు 20 గింజలు వస్తాయనీ, చెడ్డ ఏడాదిలో మొలచినవన్నీ చనిపోతాయనీ అనుకుందాం. మొదటి మొక్క తన 100 గింజలనూ ఒకేసారి మొలిపిస్తుంది. మంచి ఏడాది తరువాత దానికి 2,000 గింజలు. మరుసటి ఏడు చెడ్డదైతే మిగిలేది సున్న. రెండవ మొక్క ప్రతి ఏడూ సగం గింజలనే మొలిపిస్తుంది. మంచి ఏడాదిలో మొలచిన 50కి 1,000 గింజలు, నేలలో దాచినవి 50, మొత్తం 1,050. చెడ్డ ఏడాది తరువాత కూడా 525 మిగులుతాయి. మళ్లీ మంచి ఏడాది వస్తే అవి 5,500కు పైగా అవుతాయి. మొదటి మొక్క ఒక్క ఏడాది ధనవంతురాలై నశించింది. రెండవది నిదానంగా నిలిచింది. విదేశంలో సంపాదించిన దానిలో కొంత తీసి ఊరిలో దాచుకునే కుటుంబాలకు ఈ లెక్క కొత్తది కాదు.

ఈ విధంగా ఇసుకలో మొలవకుండా వేచి ఉన్న గింజల మొత్తాన్ని శాస్త్రజ్ఞులు విత్తన నిధి అంటారు. ఎండిన ఎడారిని చూచి ఇక్కడేమీ లేదనుకోవడం, తాళం వేసిన గాదెను చూచి ధాన్యం లేదనుకోవడం వంటిదే.

చూడదగిన కొన్ని పూలు

అర్ఫజ్: ఇది కువైట్ జాతీయ పుష్పం. వృక్షశాస్త్ర నామం రాంటీరియం ఎపపోసం. చామంతి కుటుంబానికి చెందిన పొద. తక్కిన పూలు వాడిపోయే వేళకు, ఏప్రిల్, మే నెలలలో చిన్న పసుపుపచ్చని పూలు పూస్తుంది. వేసవిలో ఆకులు రాల్చి, ఎండుపుల్లల వలె కనిపిస్తుంది. చచ్చిపోయిందనుకొని పీకి పొయ్యిలో పెట్టేవారు పెట్టేది చాలాసార్లు బ్రతికి ఉన్న మొక్కనే.

ఖుజామా: హార్వుడియా డిక్సోనియే. ఆవాల కుటుంబానికి చెందిన ఏకవార్షికం. లేత ఊదారంగు పూలు, మంచి సువాసన. దీని కాయలకు రెక్కల వంటి వెడల్పైన అంచులు ఉంటాయి.

ఎడారి ఐరిస్: ఊదా, నీలం కలిసిన రంగు. నేలలోని దుంప నుండి పుట్టుతుంది. దీని పువ్వు మధ్యాహ్నం ప్రాంతంలో విచ్చుకొని, సాయంత్రానికి ముడుచుకొని వాడిపోతుంది. ఉదయం వెళ్లి తిరిగి వచ్చేవారికి ఇది కనిపించదు.

తర్థూస్: ముదురు ఎరుపు రంగు గద వలె ఇసుక నుండి పైకి వస్తుంది. ఆకులు లేవు, పత్రహరితం లేదు. ఇతర మొక్కల వేళ్ల నుండి ఆహారం గ్రహించే పరాన్నజీవి. ఈగలు దీని పరాగసంపర్కానికి తోడ్పడతాయి. బెదువీనులు దీని తొక్క తీసి తినేవారు.

ధానూన్: పసుపు పచ్చని పూలగుత్తి నేలలో గుచ్చిన పెద్ద కంకి వలె నిలుస్తుంది. రింస్ అనే పొద వంటి వాటి వేళ్లపై ఆధారపడే పరాన్నజీవి ఇది కూడా.

కఫ్ మర్యం: పూలు చిన్నవి, తెల్లనివి. దీని విశేషమంతా మరణించిన తరువాతే. ఎండిన కొమ్మలు పిడికిలి వలె ముడుచుకొని గింజలను లోపల దాచుతాయి. వాన తగిలినప్పుడు ఆ పిడికిలి విప్పుకొని, చినుకుల తాకిడికి కొన్ని గింజలను మాత్రమే జారవిడుస్తుంది. తల్లి చనిపోయినా బిడ్డలను వాన వచ్చేదాక కాపాడుతూనే ఉంటుంది.

పూలకు పేరు తెచ్చిన పరదేశి

ఖుజామా శాస్త్రనామంలో డిక్సోనియే అనే మాట ఉన్నది. ఒక స్త్రీ గౌరవార్థం పేరు పెట్టినప్పుడు లాటిన్ లో ఆ విధంగా ముగిస్తారు. ఆ స్త్రీ వయొలెట్ డిక్సన్. బ్రిటిష్ రాజకీయ ప్రతినిధిగా నియమితుడైన భర్త హెరాల్డ్ డిక్సన్ తో ఆమె 1929లో కువైట్ కు వచ్చింది. ఆమె వృక్షశాస్త్రం అభ్యసించిన పండితురాలు కాదు. కాని బెదువీనుల వెంట ఎడారిలో తిరిగి, మొక్కలను సేకరించి, వారు పిలిచే పేర్లను రాసుకొని, నమూనాలను లండన్ లోని క్యూ ఉద్యానవనానికి పంపింది. వాటిలో ఒకటి శాస్త్రానికి కొత్తదని తేలింది. అదే ఖుజామా. కువైట్, బహ్రెయిన్ అడవిపూలపై ఆమె రాసిన పుస్తకం 1955లో వెలువడింది. 1959లో భర్త మరణించిన తరువాత కూడా ఆమె స్వదేశానికి తిరిగి వెళ్లక, 1990 వరకు కువైట్ లోనే జీవించింది. ఇరాక్ ఆక్రమణ తరువాత ఇంగ్లండుకు చేరి, 1991 జనవరిలో మరణించింది. కువైట్ నగరంలో సముద్రతీరాన ఆమె నివసించిన ఇల్లు తరువాత డిక్సన్ హౌస్ పేరుతో సాంస్కృతిక కేంద్రమైంది.

భర్త ఉద్యోగం కారణంగా పరదేశానికి వచ్చిన గృహిణి, తన కాళ్ల క్రింది నేలను శ్రద్ధగా చూచి, దాని వృక్షశాస్త్రంలో శాశ్వతమైన చోటు సంపాదించింది. ఇది మన కుటుంబాలు గుర్తుంచుకోదగిన విషయం.

ఛాయాచిత్రం తీసే పద్ధతి

ఆమె కాలంలో మొక్కను పెరికి, ఎండబెట్టి దాచడమే ప్రమాణం. నేడు సాధారణ పరిశీలకునికి ఛాయాచిత్రం ఆ పనిని చాలావరకు చేస్తుంది. పైగా గింజ నేలలోనే మిగులుతుంది. జేబులోని ఫోను కూడా ఇందుకు సరిపోతుంది. అయితే కొన్ని సూత్రాలు తెలిసి ఉండాలి.

వెలుగు: ఎడారి ఇసుక వెలుగును విపరీతంగా ప్రతిఫలిస్తుంది. కెమెరాలోని కొలమానం ఎదుటి దృశ్యం సగటున బూడిదరంగులో ఉంటుందనే ఊహతో పనిచేస్తుంది. అందువల్ల తెల్లని ఇసుక నిండిన చిత్రం మసకగా, నల్లగా వస్తుంది. అటువంటప్పుడు వెలుగు మోతాదును కొంత పెంచాలి. ఉదయం, సాయంత్రం వాలుగా పడే ఎండలో రేకుల మడతలు స్పష్టంగా తెలుస్తాయి. మిట్టమధ్యాహ్నం తీయవలసి వస్తే, తోడు వచ్చినవారు పువ్వు మీద గొడుగు నీడ పట్టితే చాలు.

స్పష్టత: పువ్వుకు ఎంత దగ్గరగా పోతే, స్పష్టంగా కనిపించే మందం అంత తగ్గుతుంది. చాలా దగ్గరలో అది కొద్ది మిల్లీమీటర్లే. కటకపు రంధ్రాన్ని చిన్నది చేస్తే ఆ మందం పెరుగుతుంది. కాని వెలుగు తగ్గుతుంది కనుక చిత్రణకు ఎక్కువ వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిలో గాలి వీస్తే పువ్వు కదలి, చిత్రం చెదురుతుంది. గాలి తక్కువగా ఉండే తెల్లవారుజాము ఇందుకు అనుకూలం. కెమెరాను పువ్వు ఎత్తుకు దించి తీయాలి. నిలబడి తీసిన చిత్రంలో పువ్వు కన్న ఇసుకే ఎక్కువగా ఉంటుంది.

సాక్ష్యం: అందమైన చిత్రం వేరు, ఉపయోగపడే చిత్రం వేరు. ఒక మొక్కకు కనీసం ఐదు చిత్రాలు కావాలి: పెరిగిన చోటుతో సహా మొక్క మొత్తం, పువ్వు ఎదుటి భాగం, పువ్వు ప్రక్క భాగం, ఆకు, కాయ. చామంతి కుటుంబంలోని పసుపు పూలను ఎదుటి నుండి చూచి గుర్తించడం కష్టం. పువ్వు క్రింది ఆకుపచ్చని తొడిమ భాగం, కాయ చూస్తేనే తేడా తెలుస్తుంది. ఒక చిత్రంలో ప్రక్కనే 100 ఫిల్స్ నాణెం ఉంచితే పరిమాణం తెలుస్తుంది. తేదీ, స్థలం, గంట రాసుకోవాలి.

మరొక సంగతి. తేనెటీగ కన్ను మనిషికి కనిపించని అతినీలలోహిత కాంతిని చూడగలదు. చామంతి కుటుంబంలోని ఎన్నో పూలు మనకు ఒకే పసుపుగా కనిపించినా, తేనెటీగకు వాటి మధ్య భాగం వేరే రంగుగా తోచి, దారి చూపుతుంది. సాధారణ కెమెరా ఆ కాంతిని పట్టదు. అందువల్ల చిత్రంలో ఉన్నది మనిషికి కనిపించే పువ్వే. ఆ పువ్వు పూచింది మాత్రం తేనెటీగ కోసం.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. రక్షిత ప్రాంతాలలోకి అనుమతితోనే వెళ్లాలి. చమురు క్షేత్రాలు, సైనిక స్థావరాల దరిదాపులలో కెమెరా తీయరాదు. ఇసుకలో తెలియని లోహపు వస్తువు ఏది కనిపించినా ముట్టుకొనక, దూరంగా తొలగిపోయి అధికారులకు తెలపాలి. యుద్ధం నాటి పేలుడు పదార్థాలు దశాబ్దాల తరువాత కూడా బయటపడుతున్నాయి.

యుద్ధం, చక్రాలు, మేత

1990 ఆగస్టు 2న మొదలైన ఆక్రమణ 1991 ఫిబ్రవరి 26న ముగిసేనాటికి 600కు పైగా చమురు బావులు మండుతున్నాయి. చివరి బావిని ఆర్పినది 1991 నవంబరు 6న. మసి, చమురు తుంపరలు ఇసుకతో కలిసి గట్టిపడి, దేశ వైశాల్యంలో దాదాపు 5 శాతం నేలను తారు పెంకు వలె కప్పివేశాయి. కందకాలు, ట్యాంకుల దారులు మరెంతో నేలను చీల్చాయి. ఆ తారు క్రింద విత్తన నిధి సమాధి అయినట్లే కనిపించింది.

అయినా ఉత్తర కువైట్ లో జరిగిన పరిశీలనలలో ఒక విశేషం వెల్లడైనది. పాత పొదల చుట్టూ గాలి తెచ్చిన ఇసుక చేరి చిన్న దిబ్బలైంది. ఆ దిబ్బలు తారు పెంకును కప్పి, గింజలు మొలవడానికి చోటు కల్పించాయి. పొద నిలిచిన చోట పూలు తిరిగి వచ్చాయి. ఎండుపుల్లల వలె కనిపించే ఒక పొద విలువ ఎంతో దీనివలన గ్రహించవచ్చు. అది ఇసుకను పట్టి ఉంచుతుంది, గింజలను నిలుపుతుంది. అది లేకపోతే ఆ ధూళి నేరుగా నగరానికి, పిల్లల ఊపిరితిత్తులలోకి చేరుతుంది.

యుద్ధం ముగిసినా నేల మీద ఒత్తిడి ముగియలేదు. అధికమైన మేత, సాధారణంగా నవంబరు మధ్య నుండి మార్చి మధ్య వరకు సాగే గుడారాల విడిదులు, దారి తప్పించి నడిపే వాహనాలు ఎడారిని నలిపివేస్తున్నాయి. చక్రం క్రింద నేల గట్టిపడితే వాన ఇంకదు. ఇంకని వాన గింజను మొలిపించదు. మొలచిన మొక్క కాయ కాయకముందే నలిగితే, ఆ ఏడు విత్తన నిధిలో తీసిందే గాని వేసింది ఉండదు. ఒకప్పుడు విశాలమైన ప్రాంతాలలో పరచుకొని ఉన్న అర్ఫజ్ పొదలు నేడు చాలావరకు కంచెలు వేసిన చోట్లకే పరిమితమయ్యాయి. జాల్ అజ్జోర్ గట్టును కలుపుకొని ఉన్న సబాహ్ అల్ అహ్మద్ రక్షిత ప్రాంతంలో కంచె లోపలికీ వెలుపలికీ ఉన్న తేడా చూస్తే, ఎడారికి కావలసినది నీరు మాత్రమే కాదు, విశ్రాంతి కూడా అని తెలుస్తుంది. 1967లో ఏర్పడిన కువైట్ శాస్త్ర పరిశోధన సంస్థ స్థానిక మొక్కలను తిరిగి పెంచే పద్ధతులపై కృషి చేస్తున్నది. 2014లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టం అడవి మొక్కలకు హాని చేయడాన్ని శిక్షార్హం చేసింది.

పిల్లలకు ఒక పని

ఈ విషయంలో పరదేశి కుటుంబం చేయగలిగినదేమిటి? మొదటిది, పువ్వును కోయకపోవడం. ఒక ఏకవార్షికం పువ్వును కోస్తే పోయేది ఒక పువ్వు కాదు, రాబోయే కరవు ఏళ్లకు దాచవలసిన గింజలు. రెండవది, ఉన్న బాట విడిచి వాహనం నడపకపోవడం. మూడవది, పరిశీలన.

పిల్లలు అనుమతి ఉన్న ఒక చోటును ఎంచుకొని, పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల నేలను గుర్తుపెట్టుకోవాలి. డిసెంబరు నుండి మే వరకు నెలకొకసారి అదే చోట, అదే దిక్కు నుండి ఛాయాచిత్రం తీయాలి. ఎన్ని రకాల మొక్కలు మొలిచాయి, ఏది ముందు పూచింది, ఏ పురుగు ఏ పువ్వుపై వాలింది, ఆ నెల ఎంత వాన కురిసింది అన్న వివరాలు పుస్తకంలో రాయాలి. తెలుగు పేరు ఉన్న మొక్కకు తెలుగు పేరు, అరబ్బీ పేరు తెలిస్తే అదీ ప్రక్కన చేర్చాలి. ఒక్క ఏడాది పుస్తకం ఒక జ్ఞాపకం మాత్రమే. ఐదేళ్ల పుస్తకం వానకు, పూతకు గల సంబంధాన్ని చెప్పే సమాచారం అవుతుంది. ఉద్యోగాలు ముగిసి కుటుంబాలు స్వదేశానికి తరలిపోతుంటాయి. అప్పుడు ఆ పుస్తకాన్ని పెట్టెలో పెట్టుకొని వెళ్లక, క్రొత్తగా వచ్చిన మరొక తెలుగు ఇంటి పిల్లలకు అప్పగించి వెళ్లడం మంచిది. మరుసటి డిసెంబరులో అదే చోటికి వారు వెళ్లవచ్చు.